ఎటు తిరిగి తిట్టను

అదిగో, మా ఆయన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మేమందరం చాపల మీద ఉంటే ఆయన ఒక్కడికీ కుర్చీ, అదీ అయ్యగారి బల్ల పక్కన, జనం వైపు మొహం పెట్టి, పెళ్ళికొడుకుని కూర్చోబెట్టినట్టు. పాస్టరు గారిని మేం అయ్యగారంటాం. ఆ అయ్యగారే నిన్న సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పాలి సువార్తమ్మా, నీ ప్రార్థన విని దేవుడు నీ భర్తను సముద్రంలోంచి లేపాడు, అది నీ నోటితో సంఘానికి చెప్పాలి, గంగులుని కూడా తీసుకురా అని చెప్పి వెళ్ళారు. సువార్త అంటే నేనే. రేషన్ కార్డులో ఈశ్వరిని, చేపల బజారులో ఈశ్వరిని, బాప్తిస్మంలో ఇచ్చిన ఆ పేరు ఈ రేకుల షెడ్డులోకి వస్తేనే పలుకుతుంది. ఇంకొక పాట, ఒక వాక్యం, తర్వాత నా వంతు. నాకు ఎడం పక్కన, మధ్యలో ఇద్దరిని వదిలి నీలవేణి కూర్చుంది. నా తోడికోడలు, మా మరిది శివాజీ పెళ్ళాం. ఒకే తెప్ప మీద అన్నదమ్ములిద్దరూ వేటకి వెళ్ళారు, అన్న వచ్చాడు, తమ్ముడు రాలేదు. వచ్చినవాడి పెళ్ళాం లేచి దేవుడు నా మొర విన్నాడని చెప్పాలట, రానివాడి పెళ్ళాం కూర్చుని వినాలట, విని స్తోత్రం అనాలట. చెప్పు తీసుకుని కొట్టాలనుంది. ఎవరినో తెలియడం లేదు, అదే నా బాధ.

నేను ప్రార్థన చెయ్యలేదు. ఆ మాట ఎవరూ అడగరేం? ఆ రోజు ఒడ్డు మీద ఊరంతా ఉంది కదా, నా నోరు విననివాళ్ళు ఎవరు? గాలి పొద్దెక్కాక లేచింది. నాలుగు తెప్పలు ఇసకెక్కాయి, మాది ఎక్కలేదు. మధ్యాహ్నానికి వాన, ఎదురుగా ఉన్న అలకి అవతల ఇంకేం లేదు, అంతా బూడిద రంగే. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, బజారులో తూకం దగ్గర మోసం చేసినవాడి మీద వస్తుందే, నోటికి ఏం వస్తోందో తెలియనివ్వని కోపం. తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అక్కడే వచ్చింది చిక్కు, ఎటు తిరిగి తిట్టాలో తెలియలేదు. నవ్వకండి, నిజంగానే. గంగమ్మ మీద కోపమొస్తే గుడి వైపు తిరిగి తిడతారు మావాళ్ళు, ఆవిడ రాయి అక్కడుంది, పసుపు రాసుకుని కూర్చుని వింటుంది. సూర్యుణ్ణి అనాలంటే తలెత్తితే చాలు. ఈయన్ని? పైకి చూశాను, వాన కళ్ళలో పడింది. సముద్రం వైపు తిరిగాను, అక్కడున్నాడా అని అనుమానం. చర్చి వైపు తిరిగాను, తాళం వేసి ఉంది. చుట్టూ తిరుగుతూ తిట్టాను, పిచ్చిదానిలాగా. పోనీ తిట్లయినా కుదిరాయా అంటే అదీ లేదు. మన తిట్లన్నీ ఒంటి మీదే కదా, నీ కళ్ళు పేలిపోను, నీ చేతులు విరిగిపోను, నీ నోట్లో మట్టి పడ! కళ్ళో చేతులో ఉన్నాయో లేవో తెలియనివాణ్ణి పట్టుకుని ఏమని తిట్టేది? అయినా తిట్టాను, ఉంటే తగులుతాయిలే అని.

చప్పట్లు మొదలయ్యాయి. నేనూ కొడుతున్నాను, చేతులు వాటంతటవే కొడుతున్నాయి. నెత్తి మీద రేకులు కాలిపోతున్నాయి. పాత రేకులు తిత్లీ తుఫాను గాలికి ఎగిరి జీడిమామిడి తోటలో పడ్డాయి, ఏడాది తిరక్కుండా మళ్ళీ వేశారు అయ్యగారు, ఆ పనిలో నీలవేణీ నేనూ ఇసక మోశాం. అప్పుడే మా అత్త గున్నమ్మ నవ్వింది, తన ఇల్లే నిలబెట్టుకోలేకపోయాడా మీ వాడు అని. ఆవిడ నోరు నా నోటికి అమ్మమ్మ. ఆవిడ మతం మారలేదు, మారనని ఒట్టు. రథసప్తమికి అరసవల్లి వెళ్ళకపోతే ఆవిడకి ఏడాది గడవదు. రోజూ తెల్లారేసరికి గుమ్మంలో నిలబడి చేతులెత్తి దణ్ణం పెట్టి, ఇటు తిరిగి నన్ను అడిగేది, "మా సూర్నారాయణుడు రోజూ పొద్దున్నే అగుపడతాడు. నిన్నూ సూత్తాడు, నన్నూ సూత్తాడు. మీ ఓడు ఏడే? ఓపాలి సూపించు, నానూ దణ్ణమెడతాను." నేను అయ్యగారు నేర్పిన జవాబే చెప్పేదాన్ని, కనపడేది దేవుడు కాదత్తా, కనపడేదాన్ని చేసినవాడు దేవుడు అని. చెబుతుంటే ఎంత గొప్పగా ఉండేదో! చేపల గంపతో ఆటోలో అరసవల్లి మీదుగా పోతుంటే, ఆదివారం నాడు ఆ గుడి దగ్గర జనం ఆటోకి అడ్డం పడితే, ముక్కు మూసుకుని పక్కకి జరిగితే, పోండి పోండి, నా దేవుడికి ముక్కూ లేదు, కంపూ లేదు అనుకునేదాన్ని. మంచి దేవుడు దొరికాడనుకున్నాను. గంపతోనే లోపలికి రానిచ్చాడు, కాదనను. ఇదే చాప మీద నేనూ, పెద్ద కులపు మేస్టారి పెళ్ళామూ పక్కపక్కన కూర్చుని ఒక గిన్నెలోది తిన్నాం. ఆ మాట మా అత్తకి అనలేకపోయాను, అంటే ఆవిడ నోరు మూతపడేది.

నన్ను ఇక్కడికి తెచ్చింది నీలవేణి. ఆ మాట కూడా అందరూ మర్చిపోయారు. కళింగపట్నం అవతల నుంచి కోడలిగా వచ్చేసరికే దానికి దేవుడున్నాడు, పెట్టెలో చీరల కింద పెట్టుకుని తెచ్చుకుంది. మా అత్త కర్ర తీసింది, శివాజీ అడ్డం పడ్డాడు. "అది ఎవులికి మొక్కితే నీకేటే అమ్మా, నాకు బువ్వ ఎడతన్నాదా నేదా?" అన్నాడు. నాకు జ్వరం వచ్చి లేవలేనప్పుడు నా తల తన ఒళ్ళో పెట్టుకుని అది ప్రార్థన చేసింది. తగ్గింది. మాత్రలకి తగ్గిందో దానికి తగ్గిందో, ఆ చెయ్యి మాత్రం నా నుదుటి మీద ఉంది, అది నాకు తెలుసు. ఎలా చెయ్యాలే అని నేనే అడిగాను. "కళ్ళు మూసీ అప్పా. తెరిస్తే మనసు ఎటో ఎలిపోతాది" అంది. నన్ను అప్పా అనే పిలుస్తుంది, అక్కా అని. సరిపోయింది! అసలే కనపడడు, పైగా మనల్ని కళ్ళు మూసుకోమంటాడు. శ్రీకాకుళంలో ఒక పటం కొన్నాను, గొర్రెపిల్లని ఎత్తుకున్న ప్రభువు పటం, మంచి మొహం, మన మొహం చూస్తున్నట్టే ఉంటుంది. గోడకి పెట్టుకుంటే అయ్యగారు చూసి, రూపం వద్దమ్మా, రూపానికి అలవాటు పడితే మళ్ళీ రాతి దగ్గరికే పోతావు అని తీయించేశారు. తీసేశాను. మేకు మాత్రం గోడకి ఉండిపోయింది, కొన్నాళ్ళు ఆ మేకు వైపు చూసి ప్రార్థన చేశాను, దానికీ కళ్ళు మూసుకోమంటారని ఎవరికీ చెప్పలేదు. ఆ పటం ఉండి ఉంటే ఆ రోజు ఒడ్డు నుంచి పరిగెత్తుకెళ్ళి దాని ముందు నిలబడేదాన్ని, మొహం మీదే అడిగేదాన్ని. ఆ అవకాశం కూడా లేకుండా చేసి, ఇప్పుడు కనపడని దేవుడికి కనపడే సాక్ష్యం కావాలంట, అందుకు నా మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. పటం వద్దన్నవాళ్ళకి ఇదేం పటం?

ఆయన తల ఎత్తడం లేదు. చొక్కా ఇస్త్రీ చేసి నేనే తొడిగాను, అరచేతుల్లో తోలు ఇంకా సరిగ్గా రాలేదు, బొత్తాలు పెట్టుకోలేడు. తిరగబడిన తెప్ప అడుగుని పట్టుకుని పగలంతా, రాత్రంతా ఉన్నాడు. తెల్లారాక ఎవరో వేరే ఊరి బోటువాళ్ళు చూసి లాగారు. ఇంటికొచ్చాక ఒక్కసారే చెప్పాడు, అన్నం ముందు పెడితే, కలపకుండా, "నాను సూసినాను. సెయ్యి వదిలీసినాడు. అన్నియ్యా అననేదు, ఏటీ అననేదు. నా కాడ ఇంకో సెయ్యి ఉన్నాది గదే" అని. ఆ ఇంకో చెయ్యితో పట్టుకుని ఉంటే ఇద్దరూ పోయేవారు, ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసినా ఆ చెయ్యి వైపే చూసుకుంటాడు. ఈయన విశ్వాసి కూడా కాదు. పండక్కి గంగమ్మకి కోడిని కోస్తాడు, నన్ను చర్చికి వద్దనడు, అంతే. తమ్ముణ్ణి వదిలి నన్ను తెచ్చిన దేవుడి పక్కన నేను కూర్చోను అని నిన్న రాత్రి అన్నాడు. నేనే బతిమాలాను, అయ్యగారి మాట తీసెయ్యలేక. ఛీ, ఎందుకు బతిమాలానో. ఇప్పుడు చూడు, ఎండలో ఎండేసిన కవళ్ళ చేపల కళ్ళలాగా అందరి కళ్ళూ ఆయన మీద. వెనక నుంచి పిల్లల్ని ఎత్తి చూపిస్తున్నారు.

పాట అయిపోయింది. వాక్యం మొదలుపెట్టారు అయ్యగారు. విశ్వాసమంటే చూడకుండా నమ్మడం అంటున్నారు. నమ్మాం కదండీ! నమ్మింది కదా అది! ఆ రోజు నేను ఒడ్డు మీద తిడుతుంటే నీలవేణి ఏం చేసిందో తెలుసా మీకు? తడిసిన ఇసక మీద మోకాళ్ళేసింది. కళ్ళు మూసుకుంది. ప్రభువా, ఇద్దర్నీ తీసుకురా ప్రభువా, ముందు బావని తీసుకురా, ఆయన పెద్దోడు, తరువాత నా వోణ్ణి తీసుకురా అని అడిగింది. ముందు బావని అంది! వరసలో అడిగింది, మర్యాదగా. దేవుడు మొదటిది విని లేచి వెళ్ళిపోయాడా? చీకటి పడ్డా నీలవేణి లేవలేదు, ఎత్తి తేబోతే నా చెయ్యి విదిలించింది, మోకాళ్ళ కింద గవ్వలు గుచ్చుకుని రక్తం వచ్చింది. అలాంటిదాన్ని పట్టుకుని లక్ష్మణమ్మ కుళాయి దగ్గర ఏమందో చెప్పనా? ఆవిడే, ముందు వరసలో తెల్లచీర, ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. "నీలేణికి ఇస్వాసం సాల్నేదు, అందికే ఇలాగయినాది. గంగమ్మ పండక్కి అత్తతోటి ఎల్లినాది గదా, దేవుడు సూడడేటి?" అంది. నా బిందె నిండలేదు, సగం బిందెతోనే వచ్చేశాను, ఉంటే ఆ బిందె ఆవిడ నెత్తిన పడేది. పండక్కి ఎందుకు వెళ్ళింది? మా అత్తకి కళ్ళు సరిగ్గా ఆనవు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గుడి బయట నిలబడి, మళ్ళీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అది పాపమైందా? ముసలిదాని చెయ్యి పట్టుకుంటే మొగుడి చెయ్యి వదిలేస్తాడా దేవుడు? నేను ఇప్పుడు లేచి నా ప్రార్థన విన్నాడని ఒక్క మాట అంటే చాలు, లక్ష్మణమ్మ మాట నిజమైపోతుంది. ఈశ్వరి అడిగింది, దొరికింది. నీలవేణి అడిగింది, దొరకలేదు. అంటే నీలవేణిలోనే ఏదో లోపం. నీలవేణి కడుపులో ఒక నలుసుంది, అది పుట్టిన దగ్గర్నుంచి పెద్దదయ్యేవరకూ ఆ మాట దాని వెనకాలే నడుస్తుంది. పుట్టకముందే అది విశ్వాసం చాలనిదాని బిడ్డ అయిపోయింది.

ఇంకో మాట అడుగుతాను. శివాజీ పోయాడని ఎవరు చూశారు? చెయ్యి వదిలెయ్యడం ఈయన చూశాడు, అంతే. ఒడ్డుకి రాలేదు, వలకి తగల్లేదు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే, కనపడకపోతే పోయినట్టు రాయడానికి ఏడేళ్ళు ఆగాలన్నారు, ఊళ్ళోవాళ్ళకి అంత ఓపిక లేదు, నెలకే గాజులు తీసెయ్యమన్నారు. మా అత్త తీయించబోయింది, అయ్యగారు కూడా మెత్తగా, నిరీక్షణ పరలోకంలో పెట్టుకోమ్మా అన్నారు. నీలవేణి గాజులు తియ్యలేదు. ఏడవలేదు. ఆ రోజు నుంచి మాట్లాడనూ లేదు, పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది. దేవుడు కనపడకపోయినా ఉన్నాడంట, శివాజీ కనపడలేదు గనక లేడంట! ఇదేం న్యాయం? ఒకే కళ్ళకి రెండు రకాల నమ్మకాలు ఎలా చెబుతారు మీరు? ఉన్నవాణ్ణి నమ్మమంటే నమ్మింది, లేడని నమ్మమంటే మాత్రం నోరు మూసుకుంది. నాకైతే వాడు లేడనే తెలుసు. తెలిసినా, ఆ గాజుల మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోను.

అయ్యగారు మంచివాడు, అదే నాకు ఇంకా ఒళ్ళు మంట. చెడ్డవాడైతే ఈపాటికి లేచి వెళ్ళిపోయేదాన్ని. బొబ్బిలి వైపు నుంచి పాత బండి మీద వచ్చి ఈ ఉప్పుగాలిలో కాపురం పెట్టాడు. తిత్లీ అప్పుడు టార్పాలిన్లు తెచ్చి ముందు గంగమ్మ గుడి పూజారికి ఇచ్చాడు, ముసలాడని. శివాజీ కోసం మూడు ఊళ్ళ ఒడ్డు నడిచాడు, కాళ్ళు బొబ్బలెక్కి వచ్చి మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఈ మధ్య జనం తగ్గారు. కనపడేదేదైనా చూపిస్తే నిలబడతారని ఆశ, అంతే ఆయనకి. ఆయన భార్య, మేం అమ్మగారనే ఆవిడ, పక్కన నిలబడి సెల్లు పట్టుకుంది, నా సాక్ష్యం వీడియో తీసి గ్రూపుల్లో పెడతారు. ఒక్క అబద్ధమే కదా, ఆయన కష్టానికి ఇచ్చుకోకూడదా అని ఒక పక్క అనిపిస్తుంది. అబద్ధం నాకేం కొత్త, నిన్నటి చేపని ఇవాళ్టిదని అమ్మలేదా? అమ్మాను. కానీ ఇది వేరే, ఇక్కడ కుళ్ళు వాసన వచ్చేది నీలవేణి దగ్గర్నుంచి అంటారు. పైగా నన్ను పట్టుకుని వదలనిది, ఆ తిట్లు తిట్టించుకున్నవాడు ఏమనుకున్నాడో అనే సందేహం. లేనివాణ్ణి ఎవరూ అంతసేపు తిట్టరు. ఉన్నాడు. ఉండి విన్నాడు, విని ఊరుకున్నాడు, అందుకే నాకు ఇంత కోపం. లేకపోతే ఎంత హాయిగా ఉండేదో!

"సువార్తమ్మా, రండి, దేవుడు చేసిన గొప్ప కార్యాన్ని సంఘానికి చెప్పండి." లేచాను. కొంగు తల మీదకి లాక్కున్నాను. మా ఆయన తలెత్తి నన్ను చూసి మళ్ళీ దించేశాడు. నీలవేణి చాప అంచు పీకుతోంది. సంఘానికి వందనాలు అన్నాను, వందనాలు అన్నారు అందరూ. ఆ రోజు పొద్దున్నే మా ఇంటాయనా, మా మరిదీ ఏటకెల్లినారు అన్నాను. స్తోత్రం అన్నారు. గాలొచ్చినాది అన్నాను. స్తోత్రం. తెప్ప తిరగబడిపోనాది. స్తోత్రం! ఏది చెప్పినా స్తోత్రమే, చెవులు వింటున్నాయా వీళ్ళకి? నా నోరు తిరిగిపోయింది, నేనే ఆపలేకపోయాను.

"నాను ప్రార్దన సెయ్యనేదు" అన్నాను. వెనక వరస అలవాటుగా స్తోత్రం అనేసింది, ముందు వరస సగంలో ఆగింది. "నాను దేవుణ్ణి తిట్టినాను. ఒడ్డు మీద నిలబడి అమ్మనా బూతులు తిట్టినాను. ప్రార్దన సేసింది నీలేణి. మోకాళ్ళు సెక్కుకుపోయేదాకా సేసినాది. ముందు మా ఆయన్ని తెమ్మని అడిగినాది, తరవాతే దాని మొగుణ్ణి. నా మొగుడొచ్చింది దాని ప్రార్దనకి, నా నోటికి గాదు. దానికి ఇస్వాసం సాల్నేదన్నోళ్ళు ఎవులో లెగండి. లెగిసి నా మొకం సూసి అనండి."

ఎవరూ లేవలేదు. లక్ష్మణమ్మ పుస్తకంలో పేజీలు తిప్పుతోంది. అమ్మగారి సెల్లు కిందికి దిగింది. అయ్యగారు నా దగ్గరికి వచ్చి, కూర్చోమ్మా, శోకంలో ఉన్నావు అన్నారు. "సోకం నాకెందికండీ అయ్యగారూ, నా మొగుడు ఆ కుర్సీలో ఉన్నాడు. ఆయన్ని కిందికి దింపండి ముందు." దింపక్కర్లేకపోయింది, ఆయనే లేచి వచ్చి మగవాళ్ళ వైపు చాప మీద కూలబడ్డాడు. నేనింకా నిలబడే ఉన్నాను. కూర్చోవాలో, చెప్పులేసుకుని పోవాలో తెలియలేదు.

"అప్పా."

ఎవరు పిలిచారో ముందు అర్థం కాలేదు. అంత మూగబోయిన గొంతు. నీలవేణి లేచి నిలబడింది, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని.

"ఏటని తిట్టినావప్పా?"

అయ్యగారి వైపు చూశాను. ఆయన వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. చెప్పాను. దానికి తప్ప ఎవరికీ కానట్టు చెప్పాను. ఒరే సచ్చినోడా అన్నాను. నువ్వంటే సచ్చి లెగిసినావు గదరా, మా వోళ్ళు సస్తే లెగిస్తారేటిరా అన్నాను. నీ కళ్ళు పేలిపోను, ఎక్కడ సూత్తన్నావురా అన్నాను. ఇవే, ఇంకా ఉన్నాయి, ఇవే ముందు తిట్టినవి అన్నాను. నీలవేణి పెదాలు కదిలాయి. ఒరే అంది, మళ్ళీ ఒరే అంది, అంతకుమించి నోరు తిరగలేదు, దానికి తిట్లు రావు, ఏ రోజూ ఎవర్నీ తిట్టి ఎరగదు. నా భుజం పట్టుకుంది. గాజులు నా మెడకి గీసుకున్నాయి.

"ఒరే... నాను మరియాదగా అడిగినాను గదరా! వరస పెట్టి అడిగినాను గదరా! ఒక్కడే గదరా మిగిలినాడు, ఒక్కణ్ణి తేడానికి నీకు సేతులు నేకపోయినాయేటిరా!"

అని, అప్పుడు ఏడ్చింది. నెల రోజుల ఏడుపు. నేను పట్టుకున్నాను, పట్టుకుని నేనూ తిట్టాను, ఇద్దరం తిట్టాం. అయ్యగారు కళ్ళు తుడుచుకుని పాట ఎత్తుకున్నారు. ఎవరూ అందుకోలేదు.